పెరటి చెట్టుతో కాపురము

పెరటి చెట్టు మందుకు రాదని తెలుగువారి సామెత. చేరువనున్న దాని విలువ తెలియదని దాని భావము. ఖమ్మము మొదలు భద్రాచలము వరకు గల అడవి అంచు ఊళ్లలో ఈ సామెతను ఈనాడు కొంచెము మార్చి చెప్పుకొనవలసి యున్నది. అచ్చట పెరటి చెట్టు మందుకు రాకపోవుటయే కాదు, నీడకు సైతము రాకుండ పోవుచున్నది. వైశాఖపు ఎండలో దానిని ఆశ్రయించినవారే, ఒక సాయంకాలము ఈదురుగాలి లేచి కొమ్మ యొకటి రేకుల కప్పుపై విరిగి పడినంతనే, మరునాడు గొడ్డలి వానిని పిలుచుకొని వత్తురు. ఇరువది యేండ్లు పెరిగిన వేప ఒక పూటలో మొద్దులై బండి యెక్కును. ఆ యింట మరల ఎవ్వరును మొక్క నాటరు.

ఇందు తప్పు చెట్టుది కాదు. గొడ్డలి వానిది అంతకంటెను కాదు. భయపడిన గృహస్థుని సైతము పూర్తిగా నిందింపరాదు. రేకుల క్రింద పసిపిల్లలు నిద్రించు ఇల్లు అది. నాటిన దినమునకును నరికిన దినమునకును నడుమ గడచిన ఇరువది యేండ్లలో ఆ చెట్టు వంక ఒక్కసారియైనను ఎవ్వరును తలయెత్తి చూడకపోవుటయే అసలు తప్పు. చెట్టు నాటుట ఒక్క దినపు పని. ఇరుకు పెరటిలో చెట్టుతో కాపురము చేయుట ఒక జీవితకాలపు పని. మొదటి పనికి ఉత్సవములు కలవు, ఫొటోలు కలవు, లెక్కలు కలవు. రెండవ పనికి ఏమియు లేదు.

పాత గూడెములలో ఇంటికిని చెట్టుకును తగవు లేదు. కోయల యిండ్లు కర్రలు పాతి మట్టి మెత్తిన గోడలపై గడ్డియో తాటాకో కప్పినవి. వాని చుట్టును విశాలమైన దొడ్డి, దొడ్డి చుట్టును దడి. ఇప్పచెట్టును, చింతను వారు కొట్టరు. ఇప్పపూవు వేసవి ముఖమున ఏరుకొన్న ఆహారము; ఇప్పగింజ దీపమునకును వంటకును నూనె. తాటి, జీలుగు చెట్లు కల్లునకు ఆధారములు. ఇన్ని చెట్ల నడుమ ఆ యిల్లు నిర్భయముగా నిలుచుటకు కారణము భక్తి యొక్కటియే కాదు. చెట్టు ఇంటికి ఎడముగా నుండెడిది. ఇల్లు తేలికగా నుండెడిది. కొమ్మ విరిగి కప్పుపై పడినను, ఇరుగు పొరుగు కలిసి ఒక దినములో మరల కప్పుకొనెడివారు. పునాది బీటలు వారుటకు లోతైన పునాదియే లేదు; పగులుటకు మురుగు గొట్టమే లేదు.

నేటి స్థితి వేరు. ఖమ్మములోను, కొత్తగూడెములోను, పాల్వంచలోను, భద్రాచలములోను నేలను గజములలో కొందురు. నూట యేబది గజముల స్థలములో స్లాబు ఇల్లు లేచిన పిమ్మట మిగులునది ముందొక నాలుగైదు అడుగుల పట్టీ, వెనుక ఒక సందు. ఆ కొలది చోటులోనే బోరుబావి, నీళ్ల సంపు, మరుగుదొడ్డి గుంట, పైన కరెంటు తీగ. వాని నడుమ ఒక చెట్టు. భద్రాచలము ఇరుకు మరింత విచిత్రమైనది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఊరు తెలంగాణలో నిలిచినది; చుట్టుప్రక్కల గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. ఒకవైపు గోదావరి, తక్కిన వైపుల పొరుగు రాష్ట్రపు పొలిమేర. ఊరు ప్రక్కకు పెరుగ వీలు లేక, ఉన్న స్థలమే ముక్కలగుచున్నది. పోలవరము ముంపు గ్రామముల నుండి పునరావాస కాలనీలకు తరలిన కోయ, కొండరెడ్డి కుటుంబముల సంగతియు ఇట్టిదే. చెట్లు నిండిన దొడ్లను విడిచి వచ్చి, గోడకు గోడ తగులు వరుస యిండ్లలో వారు మరల మొక్కలు నాటుకొనుచున్నారు. దొడ్డి ఎడమునకు అలవాటు పడిన చేయి సందులో నాటిన మొక్క పదియేండ్లకు ఏమగునో ఊహించుట కష్టము కాదు.

అడవి ప్రక్కనే యుండగా ఇంటికి చెట్టు ఎందులకని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న పైకి తర్కముగా తోచును. కాని అడవి నీడ వాకిటి దాక రాదు. వేసవిలో కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతములలో వేడిమి 45 డిగ్రీలను దాటుట అరుదు కాదు. ఆ దినములలో పగలంతయు కాగిన స్లాబు రాత్రి సగము గడచువరకు సెగలు కక్కుచుండును. పడమటి గోడపై నీడ పడిన గదికిని పడని గదికిని గల భేదము ఆ గదిలో పడుకొన్న ముసలివారిని అడిగిన తెలియును. ఇంతకును ఆ అడవియు పూర్వపు అడవి కాదు. సారపాక కాగితపు మిల్లు కొరకు పెంచు నీలగిరి, సుబాబుల్ తోటలును, అశ్వారావుపేట, దమ్మపేటల ఆయిల్ పామ్ తోటలును దూరమునుండి పచ్చగా కనిపించినను, నులక మంచము వేసికొని పండుకొనుటకు అవి పనికిరావు. ఊరి నడుమ నీడ ఊరివారే పెంచుకొనవలెను.

అయిన ఏ చెట్టు, ఎచ్చట? తప్పు మొదట జరుగునది ఇచ్చటనే. చేతికందిన మొక్కను, కనబడిన చోట నాటుట ఆచారమైనది. తెలంగాణలో 2015లో హరితహారము ఆరంభమైనది. 2024 నుండి అది వనమహోత్సవమను పేర జరుగుచున్నది. గ్రామగ్రామమునను నర్సరీ ఏర్పడినది. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెనని నిర్బంధించినది. ఇవి మెచ్చదగిన సంగతులు. కాని మొక్క బ్రతుకవలెనని చెప్పిన చట్టము, అది బ్రతికి పెద్దదైన పిమ్మట ఎంత చోటు అడుగునో చెప్పలేదు. రెండడుగుల సంచి మొక్కగా ఉన్నప్పుడు ఉసిరియు నిద్రగన్నేరును ఒక్కరీతిగానే కనబడును. ఒకటి పెరటికి సరిపోవును; రెండవది వీధి మొత్తమునకు గొడుగు పట్టును.

త్వరగా పచ్చబడు మొక్క కావలెనను ఆతురత మరొక చేటు తెచ్చినది. కోనోకార్పస్ అను విదేశపు మొక్క ఏడాది పొడుగునను ఆకు రాల్చక, పశువులు ముట్టక, రెండు మూడేండ్లలో గోడవలె లేచుటచే ఊరూర వ్యాపించినది. ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమన్నట్లు, అది యింటి ముంగిళ్లకును ఎక్కినది. దాని వేళ్లు భూమిలోని గొట్టములను చుట్టుకొనుచున్నవనియు, పుప్పొడి శ్వాసకు హాని చేయుచున్నదనియు ఆక్షేపణలు రాగా, తెలంగాణలో 2022లో దానిని నర్సరీలలో పెంచుట మానవలెనని ఆదేశించిరి. గుజరాత్ ప్రభుత్వము 2023లో నిషేధించినది. నాటినవారే పెరికించుకొనవలసి వచ్చినది. మడగాస్కర్ నుండి వచ్చిన తురాయి ఎర్రని పూలకు ఎవరైనను ముగ్ధులగుదురు. కాని దాని కర్ర పెళుసు, వేళ్లు పైపైన ప్రాకునవి. అది బాట ప్రక్కకును, బడి మైదానమునకును అందము. పడకగది కిటికీకి అపాయము.

పూర్వులు ఈ విషయమున నేటివారికంటె జాగరూకులు. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్టునకును చెట్టునకును నడుమ 20 హస్తముల ఎడము ఉత్తమమనియు, 16 మధ్యమమనియు, 12 అధమమనియు విధించెను. హస్తము ఒకటిన్నర అడుగుగా లెక్కించిన అధమము పదునెనిమిది అడుగులు, ఉత్తమము ముప్పది అడుగులు. చెట్టునకు చెట్టే అంత ఎడము కోరునప్పుడు, కదలలేని గోడ ఎంత ఎడము కోరవలెను? భద్రాచలమునకు చేరువనున్న పర్ణశాలను జనులు పంచవటిగా భావింతురు. రావి, మారేడు, మర్రి, ఉసిరి, అశోకములను ఆశ్రమము చుట్టును నాటుట పంచవటి సంప్రదాయము. భక్తితో ఆ అయిదింటిని ఇంట నాటుకొన దలచువారు ఒక్క సంగతి మరువరాదు. పంచవటి అడవిలోని ఆశ్రమము. నూట యేబది గజముల స్థలము కాదు. అందు ఉసిరియు మారేడును ఇంటికి ఒదుగును. రావియు మర్రియు గుడికిని చెరువు గట్టుకును చెందినవి.

నేల సంగతి ఆలోచింపకుండ ఎడము నిర్ణయింపరాదు. మధిర, వైరా ప్రాంతముల నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించి నెర్రెలు విచ్చును. పెద్దచెట్టు గోడ ప్రక్కనున్న, వేసవిలో అది ఆ మట్టిలోని తేమను మరింత పీల్చును; మట్టి కుంగి పునాది ఒక మూల దిగబడును. ఇంగ్లండులో 1976 నాటి అనావృష్టిలో జిగటమట్టి నేలలపై కట్టిన ఇండ్లు ఈ కారణముననే పెక్కు బీటలు వారినవి. ఇందొక మెలిక కలదు. గోడ బీట వారినదని అట్టి చెట్టును హఠాత్తుగా నరికిన, పీల్చువారు లేక మట్టి మరల నీరు త్రాగి ఉబ్బును. క్రుంగిన గోడ ఈసారి పైకి లేచి వేరొక చోట పగులును. కావున రేగడిలో పెద్దచెట్టును ఇంటికి దూరముగా నాటుట ఎంత వివేకమో, ఇదివరకే యున్నదానిని తొందరపడి కొట్టకుండుట అంత వివేకము. కొత్తగూడెము, అశ్వారావుపేటల ఎర్రనేలలలో ఈ బాధ తక్కువ.

ఇరుకు పెరటికి ఒదుగు చెట్లకు తెలుగు దేశమున కొరత లేదు. కరివేప, దానిమ్మ, నిమ్మ, జామ, పారిజాతము, దేవకాంచనము గోడకు ఆరేడు అడుగుల ఎడమున సుఖముగా పెరుగును. సీతాఫలము ఈ అడవుల అంచుల బిడ్డయే. నీరు పోయకున్నను బ్రతుకును. ఉసిరికిని పొగడకును పదునైదు అడుగులు చూపవలెను. పొగడ నెమ్మదిగా పెరుగుటయే పెరటిలో దాని సుగుణము. మునగ కొమ్మ పెళుసు గనుక ఏటేట కాపు పిమ్మట తగ్గించి చేతికందు ఎత్తున ఉంచుకొనవలెను. అట్లు చేసిన కాయయు అందును, కప్పుపై పడు భయమును తప్పును. వేప నాటదలచినవారు ముప్పది అడుగులు చూపలేనిచో ఆ కోరికను వీధి చివరి ఖాళీ స్థలమునకు తరలించుట మేలు. నలుగురిండ్లవారు కలిసి ఒక్క వేపను అట్లు పెంచిన, నాలుగు పెరళ్లలో నాలుగు వేపలకంటె అది చల్లని నీడ నిచ్చును.

మొక్కై వంగనిది మానై వంగునా యని పెద్దలు పిల్లలను గురించి అన్న మాట చెట్టుకే మొదట చెల్లును. మొదటి అయిదేండ్లలో మొక్క ప్రక్క నిలిచి చూచువారు అరుదు. కాండము రెండుగా చీలి రెండును సమముగా లేచుచున్న, వాని సందున బెరడు చిక్కుకొని ఆ చోటు ఎన్నటికిని అతుకదు. ఇరువది యేండ్లకు గాలివానలో చెట్టు సరిగా అచ్చటనే చీలును. బొటనవ్రేలు లావున్నప్పుడు ఆ రెంటిలో ఒకదానిని కత్తెరతో తీసివేసిన ఆ ప్రమాదము ఆనాడే తీరును. గోడవైపు మొగ్గిన కొమ్మను, తీగవైపు సాగు కొమ్మను చిన్ననాడే తీసిన గాయము ఒక ఏటిలో కప్పుకొనును. అయిదు నిమిషముల ఈ పనిని అయిదేండ్లు వాయిదా వేసినవారే, పిమ్మట నిచ్చెనయు, మోకులును, ముగ్గురు కూలీలును తెచ్చుకొందురు.

పెరిగిన చెట్టును తగ్గింపవలసి వచ్చినప్పుడు జరుగునది చూచినవారికి కడుపు తరుగుకొనిపోవును. కొమ్మలన్నిటిని మొండెముగా నరికి, కాండమును కంబమువలె నిలువబెట్టుదురు. ఇది చెట్టును చిన్నది చేయుట కాదు, ప్రమాదకరము చేయుట. ఆకులు కోల్పోయిన చెట్టు ప్రాణభయముతో ఆ మొండెముల అంచుల నుండి చీపురువలె గుంపులు గుంపులుగా చిగుళ్లు వేయును. అవి బెరడునకు అతుకుకొని యుండునే గాని, కర్రలో పాతుకొని యుండవు. మూడు నాలుగేండ్లలో చెట్టు పూర్వపు ఎత్తునకే చేరును. ఈసారి కొమ్మలు బలహీనములు, మొండెములు పుచ్చినవి. ఏ భయముతో నరికిరో ఆ భయమును రెట్టింపు చేసికొనుట ఇది.

అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు వేలకొలది చెట్లను నిలువునను అడ్డముగను కోసి పరిశీలించి, 1970 దశకములో ఒక సత్యమును వెల్లడించెను. మనుష్యుని గాయము మానునట్లు చెట్టు గాయము మానదు. చెడిన భాగమును చెట్టు బాగుచేసికొనలేదు. చెడుపు ప్రాకకుండ దాని చుట్టును గోడ కట్టుకొని, ఆ గోడకు వెలుపల క్రొత్త కర్రను పెంచుకొనును. ఆ గోడ కట్టు శక్తి కొమ్మ మొదట ఉంగరమువలె ఉబ్బియుండు మెడలో ఉన్నది. కావున ఆ మెడను కోయకుండ, దానికి సరిగా వెలుపల కోయవలెను. కాండమునకు ఒరసి నున్నగా చెక్కుట ఎంత తప్పో, జానెడు మొండెము వదలుట అంత తప్పు. కోసిన చోట తారో రంగో పూయుట వలన పుచ్చు ఆగదని సైతము ఆయన పరిశోధనలు చూపినవి.

పెద్దకొమ్మను కోయుటకు మూడు కోతలు కావలెను. కాండమునకు అడుగు దూరమున క్రింది నుండి మూడవ వంతు లోతు కోత మొదటిది. దానికి కొంచెము వెలుపల పై నుండి కోసి కొమ్మను దింపుట రెండవది. మిగిలిన మొండెమును మెడ వెలుపల కోయుట మూడవది. మొదటి కోత లేనిచో బరువైన కొమ్మ పడునప్పుడు బెరడును మొదలంట చీల్చుకొని పోవును. ఒక ఏడు చెట్టు గుబురులో నాలుగవ వంతునకు మించి తీయరాదు. ఎత్తు తగ్గించుటకంటె, నడుమ చిక్కుకొన్నవానిని, ఎండినవానిని తీసి గాలికి దారి యిచ్చుట మేలు. వలకు గాలి తగులదు, తెరచాపకు తగులును. మాఘ ఫాల్గుణములలో, ఈదురుగాలులు లేవక పూర్వము ఈ పని ముగింపవలెను. తీగకు తగులు కొమ్మను మాత్రము ఇంటివారు ముట్టరాదు. కరెంటు ఆపించి విద్యుత్ శాఖవారి చేతనే తీయింపవలెను.

పైన జరుగు హింస కంటికి కనబడును. క్రింద జరుగునది కనబడదు. చెట్టు పైన ఎంత యున్నదో భూమిలో అంత లోతున్నదని లోకుల నమ్మకము. నిజమునకు వేళ్లలో అధికభాగము పై రెండు మూడడుగుల మట్టిలోనే ఉండి, గుబురు నీడను దాటి ప్రక్కలకు ప్రాకును. అవి గాలిని పీల్చవలెను, వాననీటిని త్రాగవలెను. వాకిలి శుభ్రముగా నుండవలెనని కాండము మొదలంట సిమెంటు చప్టా పోయుట దాని ముక్కు మూయుటయే. చెట్టు ఆ చప్టాను పగులగొట్టుకొని లేచిన, చెట్టుపై నేరము మోపుదురు. మొదలు చుట్టును మూడడుగులైనను మట్టి వదలి, రాలిన ఆకును అచ్చటనే పరచిన ఈ తగవు సగము తీరును. గోడ కట్టుటకో గొట్టము వేయుటకో కాండము ప్రక్కన కందకము త్రవ్వి లావు వేళ్లను నరికిన చెట్టు ఆనాడు పచ్చగానే నిలుచును. పట్టు తప్పిన సంగతి మరుసటి గాలివానకు గాని తెలియదు.

గాలివాన బలమెంతటిదో ఈ ప్రాంతమువారికి 2024 చాటినది. ఆ యేడు ఆగష్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారము అడవులలో వీచిన పెనుగాలికి సుమారు 500 ఎకరముల మేర వేలకొలది చెట్లు వేళ్లతో కూలినవి. మరునాడే ఖమ్మములో మున్నేరు పొంగి కాలనీలను ముంచినది. నానిన నేల వేరును పట్టజాలదు; నిండు అడవిలో ఒకదానికొకటి ఆసరాగా నిలిచిన చెట్లకే అట్టి గతి పట్టిన, పెరటిలో ఒంటరిగా నిలిచినదాని సంగతి చెప్పనేల? గోదావరి భద్రాచలము వద్ద 1986 ఆగష్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు పొంగినది. అచ్చట మూడవ ప్రమాద సూచిక 53 అడుగులు. వరద తీసిన పిమ్మట ఇల్లు కడుగుకొనువారు చెట్టు మొదలును సైతము చూడవలెను. ఒకవైపు మట్టి లేచి నెర్రె విచ్చినదా, నిన్నటికంటె కాండము వంగినదా, మొదట పుట్టగొడుగులు మొలచినవా యని చూచుటకు చదువు అక్కరలేదు.

చూచుటలోను తొందరపాటు పనికిరాదు. 2021లో తెలంగాణ అంతటను వేపచెట్ల చివుళ్లు మాడి, నిలువున ఎండినట్లు కనబడినవి. అది శిలీంధ్రము వలన కలుగు కొమ్మ ఎండు తెగులని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తెలిపిరి. చచ్చినదని నమ్మి కొందరు కొట్టించిరి. ఓపిక పట్టినవారి చెట్లు పెక్కు మరుసటి వేసవికి చిగిర్చినవి. బెరడును గోటితో గీరిన లోన పచ్చదనమున్నదో లేదో తెలియును. అంత చిన్న పరీక్ష చేయకయే శతవృద్ధులను సాగనంపిన వాకిళ్లు ఎన్నో.

అడవి అంచు ఊళ్లకు ప్రత్యేకమైన తగవు మరొకటి కలదు, అది కోతులది. అడవిలో పండ్లచెట్లు తగ్గి కోతులు ఊళ్లపై పడినవి. కప్పును తాకు కొమ్మ వానికి వంతెన. పెంకులు పగులును, కుండలు దొర్లును, పిల్లలు భయపడుదురు. దీనికి చెట్టు మొత్తము నరుకుట విరుగుడు కాదు. కరెంటు స్తంభములెక్కి వచ్చు కోతికి చెట్టు లేకున్నను దారి యున్నది. కప్పునకు ఎనిమిది పది అడుగుల ఎడము కల్పించి, పండిన కాయ చెట్టున నిలువకుండ కోసికొనిన బెడద తగ్గును. ఇక పొరుగువారి తగవు కోతులకంటె మొండిది. "ఏమన్నా, నీ వేపాకంత మా వాకిట్లనే రాలుతున్నది" యని మొదలై, రెండు కుటుంబములకు మాటలు లేకుండ పోవుట ఏ వీధిలో నైనను చూడవచ్చును. ఆ ఆకు ఊడ్చునది సాధారణముగా పొరుగింటి ఇల్లాలు. ఆమె విసుగులో న్యాయమున్నది. నీడ ఒకరికి, చీపురు ఒకరికి అయిన చోట చెట్టు నిలువదు. చెట్టు గలవారు ఏటికొకసారి ఆవలికి సాగిన కొమ్మను తామే తీయించి, ఉసిరికాయలో కరివేపాకో గోడమీదుగా అందించిన, ఆ చెట్టునకు ఇద్దరు కావలివారు ఏర్పడుదురు.

ఎట్టి చెట్టునైనను కొట్టరాదని చెప్పుట సులభము. అది నిజాయితీ గల మాట కాదు. మొదలు పుచ్చి డొల్లయై ఇంటిపైకి వాలినది, నానిన నేలలో ఒకవైపు వేళ్లు తెగినది, చిన్నతనమున తెలియక సందులో నాటగా గోడను తోయుచున్నది — వీనిని తీసివేయుట పాపము కాదు. వాల్టా యని జనులు పిలుచు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి ముందుగా అనుమతి పొంది, తెలిసినవాని చేత తీయించి, తగిన చోట తగిన మొక్కను మరల నాటుటయే ధర్మము. తీయుట తప్పనిసరియైనప్పుడు తీయువానికిని, భయము వేసినంతనే నరుకువానికిని గల భేదము చెట్టును ఎరుగుటలో ఉన్నది.

ఈ ఎరుకను ఊరికి అందించుటకు గొప్ప వ్యయము అక్కరలేదు. నర్సరీలో ప్రతి మొక్కకును ఒక చిన్న పలక కట్టి, ఇది ఎంత ఎత్తు పెరుగును, ఎంత వెడల్పు పరచుకొనును, గోడకు ఎన్ని అడుగుల దూరమున నాటవలెను అను మూడు ముక్కలు వ్రాసిన చాలును. పురపాలకసంఘములును, పంచాయతీలును కొమ్మలు కోయు పని తెలిసినవానిని ఒక్కని చొప్పున తయారుచేసి, మాఘమాసమున వీధులలో త్రిప్పిన చాలును. చెట్టెక్కుట ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. తాళ్లెక్కు గీతకార్మికుల నైపుణ్యము ఏ దేశపు వృక్షవైద్యునికిని తీసిపోదు. కోత ఎచ్చట వేయవలెనో వారికి నేర్పిన, అది వారికి జీవనమును, ఊరికి రక్షణమును అగును. నాటిన మొక్కల లెక్కతో పాటు, పదియేండ్లు నిండిన ఇంటిచెట్ల లెక్కను సైతము ఏటేట ప్రకటించు పంచాయతీ ఒక్కటి వెలసిన, దాని వలన తక్కిన ఊళ్లు చాల నేర్చుకొనును.

ఖమ్మము చెంతనున్న రెడ్డిపల్లి గ్రామవాసి దరిపల్లి రామయ్య తన జీవితమంతయు మొక్కలకు అర్పించి, జనులచే వనజీవి యనిపించుకొని, 2017లో పద్మశ్రీ పొంది, 2025 ఏప్రిల్ 12న కన్ను మూసెను. వృక్షో రక్షతి రక్షితః అను మాటను పలకపై వ్రాసికొని, దానినే ఒంటిపై ధరించి తిరిగిన మనిషి ఆయన. ఆ మాటను చదివినవారు అందరును చెట్టు రక్షించునను సగమును గ్రహించిరి. ఎట్టి చెట్టు రక్షించును? రక్షింపబడిన చెట్టు. ఆ చివరి పదము అలంకారము కాదు, షరతు. గింజలు జేబులో పోసికొని తిరిగిన ఆ వృద్ధుడు తన పాలు నెరవేర్చి వెళ్లెను. ఇక మిగిలినది గృహస్థుల పాలు. రాబోవు వానకు ఇంటింటను మొక్క నాటుదురు, మంచిదే. నాటుటకు ముందు ఒక్కసారి తలయెత్తి, ఇరువది యేండ్ల పిమ్మట ఆ కొమ్మలు ఆకసమున ఎచ్చట నుండునో చూచినవాని పెరటిలోనే మనుమల ఉయ్యాల వ్రేలాడును.